కొండ టీ సబ్బు

నూనెలో ఏ ఆకు వేసినా
మొదటిరోజు అది ఆకులాగే ఉంటుంది.
పెర్మెత్‌లో మా వంటింటి కిటికీ మీద
యోహాను పూలు, పసుపుపచ్చనివి,
ఆలివ్ నూనెలో పీకల్దాకా మునిగి కూర్చుంటాయి.
నలభై ఎండలు తాగాక చూస్తే
సీసా నిండా నెత్తురు రంగు.
ఇంత ఎరుపు ఆ పువ్వులో ఎక్కడ దాక్కుందని
పెళ్ళయిన కొత్తలో బార్ధిల్‌ని అడిగాను.
"ట్రాక్టర్ గురించి అడుగు, చెబుతాను" అన్నాడు.

ఇక ఎవర్నీ అడగలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను.
లావెండర్ మొగ్గలు చల్లితే
వారం తిరిగేసరికి నల్లటి గింజలయ్యాయి.
"ఎలుక నడిచిందా దీనిమీద?" అన్నాడు బార్ధిల్,
ఆ ముక్కతోనే స్నానం చేసొచ్చి.
పుదీనా పచ్చదనం మూణ్ణాళ్ళ ముచ్చట.
ముట్టుకుంటే మండే అడవి ఆకు, పాపం,
కాస్టిక్ సోడా ముందు దాని మంట ఏపాటిది?
ఎండుగడ్డి రంగుకి దిగిపోయింది.
కలెండులా రేకలొక్కటే
పుట్టింటికొచ్చినట్టు
రంగు చెదరకుండా కూర్చున్నాయి.

హాన్‌కో పిన్నికి నా త్రాసు మీద నమ్మకం లేదు.
వాళ్ళ కాలంలో ఓక్ బూడిద తేటలో కోడిగుడ్డు వేసేవారట,
అది నాణెమంత నడినెత్తి బయటపెట్టి తేలితే
క్షారం కుదిరినట్టు.
నా సబ్బు ఏదైనా నాలుక కొసకి తాకించి చూస్తుంది.
చురుక్కుమంటే
"ఇంకా పచ్చిది, పడుకోబెట్టు" అంటుంది.
నాలుకే, ముక్కు కాదు.
ఆరేళ్ళ కిందటి చలికాలం జ్వరం
పోతూ పోతూ ఆమె వాసనలన్నీ పట్టుకుపోయింది.
పాలు పొంగి మాడినా తెలీదు.
మేకల కొట్టంలోనూ గులాబీ తోటలోనూ
ఒకటే ముఖంతో నిలబడుతుంది.

అలాంటి మనిషి మొన్న ఏప్రిల్లో వచ్చి
కొండ టీతో సబ్బు చెయ్యమంది.
నూగు పట్టిన బూడిదరంగు కాడలు, గుప్పెడు,
గుడ్డలో కట్టి తెచ్చింది.
వాళ్ళాయన రెమ్జీ కొండలెక్కి ఆకులు ఏరి అమ్మేవాడు,
ఆయన కోటు జేబులు తిరగేస్తే ఎప్పుడూ ఇవే రాలేవి.
కోటు ఎవరికో ఇచ్చేసింది.
కాడలు మిగిలాయి.

కొన్ని మరిగించి, చల్లార్చి, గడ్డకట్టించి
ఆ గడ్డ మీదే క్షారం పోశాను.
తేనె రంగు టీ చూస్తూండగానే నారింజ, ఆపైన తుప్పు.
గిన్నెలోంచి కొండ రాలేదు,
తడిసిన కుక్క వాసనొచ్చింది.
మిగిలిన కాడలు నూనెలో నానాయి, అదీ కలిపాను.
గరిటె వెనకాల దారి పడి, ఆ దారి పూడకుండా నిలిచేదాకా
తిప్పుతూనే ఉన్నాను.
ఆరు వారాలు చెక్క మీద ఆరబెట్టి
రోజూ పొద్దున్నే ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
సబ్బు వాసన. ఉత్త సబ్బు వాసన.

చెప్పకపోతే ఆమెకేం తెలుస్తుంది?
"ఆల్ప్స్ గాలి" అని పేరున్న సీసా ఒకటి, దుకాణంలో కొన్నది,
అరలోనే ఉంది. రెండు చుక్కలు పూసి ఇవ్వచ్చు,
ఇంట్లోవాళ్ళన్నా బాగుందంటారు.
మూత తీశాను కూడా.
పెట్టేశాను.

"పిన్నీ, వాసన నిలవలేదు" అన్నాను గుమ్మంలోనే.
ఆమె నాలుక తాకించి చూసుకుంది.
చురుక్కుమనలేదు కాబోలు, తలాడించింది.
"సబ్బుకి వాసన లేదు, నాకు ముక్కు లేదు,
సరికి సరి. ఎంతివ్వను?"

వద్దన్నా వినకుండా మూడు గుడ్లు బల్లమీద పెట్టి
పెరట్లో పంపు తిప్పింది.
చేతులు కడుక్కుంది,
మణికట్లు దాటి, మోచేతులు దాటి,
ఎవరికో స్నానం చేయిస్తున్నంత నెమ్మదిగా.
తుడుచుకోకుండానే
రెండు అరిచేతులూ దోసిలిపట్టి
ముఖం అందులో పెట్టింది.

లోపల పొయ్యి మీద ఇంకో విడత నూనె,
వేడి మించిపోతోంది, వెళ్ళి మంట తగ్గించాలి.
పంపు కట్టెయ్యాలి, నీళ్ళు పోతున్నాయి.
ఆమె ఇంకా ముఖం ఎత్తలేదు.